నెలసరి రక్తంలో రసాయనాలు కొలవాలంటే ముందు ఏ రసాయనమో తేల్చుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ మొదలుపెట్టారు. ఫ్యాక్టరీలు ఎక్కువగా ఉన్న పటాన్‌చెరు, బొల్లారం వైపు కాలనీల్లో ఉండే ఆడవాళ్ల ఒంట్లోకి పరిసరాల్లోని రసాయనాలు ఎంత చేరుతున్నాయో చూడాలనుకుంటున్నారు. సూది గుచ్చి రక్తం తీస్తామంటే చాలామంది ఒప్పుకోవడం లేదు. ఎలాగూ నెలనెలా బయటికి పోయే రక్తమే కదా, దాన్నే పరీక్షిస్తే సరిపోదా? మీ గైడ్ గారిని అడిగితే ఇబ్బందిగా మొహం పెట్టి మాట మార్చేశారని కూడా రాశారు.

నేను రక్తంలో, మూత్రంలో లోహాలు కొలిచే పనిలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. మీది మంచి ప్రశ్న. ఎవరు మొహం ఎలా పెట్టినా వదిలిపెట్టకండి. కానీ నెలసరి రక్తాన్ని నరం నుంచి తీసిన రక్తానికి బదులు అనుకుని మొదలుపెడితే మూడేళ్ల తర్వాత మీ చేతిలో అంకెలు మాత్రమే ఉంటాయి. అవి ఏం చెబుతున్నాయో మీకే తెలియదు. ఇది వేరే ద్రవం. నరం రక్తంతో దీనికున్న సంబంధాన్ని ముందు మీరే చిన్న స్థాయిలో నిరూపించాలి. బస్తీల్లోకి వెళ్లడం ఆ తర్వాతి పని.

వేరే ద్రవం అని ఎందుకంటున్నానో చెబుతాను. 1985లో ఆస్ట్రేలియాలో ఇయాన్ ఫ్రేజర్ బృందం నెలసరి స్రావాన్ని కొలిచి చూస్తే, అందులో సగటున 36 శాతమే రక్తం అని తేలింది. మిగిలినదంతా గర్భాశయం లోపలి పొర నుంచి ఊడిన కణజాలం, జిగురు, యోని స్రావాలు, నీరు. ఆ శాతం కూడా మనిషికీ మనిషికీ మారుతుంది. ఒకే మనిషిలో మొదటి రోజుకీ నాలుగో రోజుకీ మారుతుంది. 2012లో ప్రొటీన్ల మీద జరిగిన ఒక అధ్యయనంలో నెలసరి రక్తంలో 1,061 ప్రొటీన్లు దొరికాయి. వాటిలో 385 నరం రక్తంలోనూ యోని స్రావంలోనూ కనిపించలేదు. పైగా గర్భాశయంలో గడ్డకట్టి మళ్లీ కరిగి వచ్చే రక్తం కాబట్టి కణాలు, గడ్డ తీసేసి పైన తేలే ద్రవాన్ని, అంటే సీరాన్ని, విడగొట్టడం కూడా మామూలు పద్ధతిలో కుదరదు.

ఇప్పుడు అసలు విషయం, ఏ రసాయనం? మీ ప్రశ్నలో "ఫ్యాక్టరీల రసాయనాలు" అని మొత్తంగా రాశారు. అలా రాస్తే ఏ కమిటీ ఒప్పుకోదు, ఒప్పుకున్నా పని జరగదు. ప్రతి రసాయనానికీ ఒంట్లో ఒక చోటు, ఒక ఆయుష్షు ఉంటాయి. ప్లాస్టిక్‌లో ఉండే బిస్ఫినాల్-ఏ కొన్ని గంటల్లోనే మూత్రంలో వెళ్లిపోతుంది. ప్లాస్టిక్‌ను మెత్తబరిచే థాలేట్లు కూడా అంతే. చాలా ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందుల ఆనవాళ్లు కూడా మూత్రంలోనే వెతకాలి. నీళ్ల ద్వారా వచ్చే ఆర్సెనిక్ రక్తంలో ఎక్కువసేపు నిలవదు, దానికీ మూత్రమే సరైనది. నల్గొండ ఫ్లోరైడ్ కథ తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు, అక్కడా మూత్రమే చూస్తారు. వీటికి నెలసరి రక్తం తీసుకోవడమంటే ఆ అమ్మాయిని ఊరికే ఇబ్బంది పెట్టడమే. మూత్రం ఇవ్వమంటే ఎవరూ పెద్దగా అభ్యంతరం చెప్పరు కూడా.

రక్తంలో ఏళ్ల తరబడి నిలిచేవి వేరే ఉన్నాయి. పీఫాస్ అనే ఫ్లోరిన్ సమ్మేళనాలు, డీడీటీ నుంచి వచ్చే డీడీఈ లాంటివి. డీడీటీని మన దేశంలో 1989లో వ్యవసాయానికి నిషేధించినా దోమల నివారణకు వాడుతూ వచ్చారు, అందుకే ఆ జాడ ఇంకా ఉంది. డీడీఈ కొవ్వుతో తిరుగుతుంది, పీఫాస్ రక్తంలోని అల్బుమిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని తిరుగుతుంది. పీఫాస్ విషయంలో ఒక చిక్కుంది, దాన్ని తప్పక గుర్తుపెట్టుకోండి. నెలనెలా రక్తం పోవడం ద్వారానే కొంత పీఫాస్ ఒంట్లోంచి బయటికి పోతుంది. మగవాళ్లకంటే నెలసరి వచ్చే వయసు ఆడవాళ్లలో అది తక్కువగా కనిపించడానికి ఇదొక కారణం. అంటే ఎక్కువ రక్తస్రావం అయ్యే మనిషిలో అంకె తక్కువ వస్తే, ఆమె నీళ్లు శుభ్రంగా ఉన్నాయని అర్థం కాదు. మీరు కొలిచే ద్రవమే ఆ రసాయనం బయటికి వెళ్లే దారి కూడా. రక్తస్రావం ఎంతో రాయకుండా పీఫాస్ జోలికి వెళ్లొద్దు.

నన్నడిగితే మీ మొదటి రసాయనం సీసం కావాలి. రక్తంలో ఉండే సీసంలో 99 శాతం ఎర్ర రక్తకణాల్లోనే ఉంటుంది. ఎర్ర కణాలు ఎక్కడ ఉంటే సీసం అక్కడ. అది ఎండకు పాడవదు, ఎంజైములకు విరిగిపోదు. మే నెలలో సంగారెడ్డి నుంచి తార్నాకలోని ల్యాబ్ దాకా ఆటోలో రెండు గంటలు ఊగుతూ వచ్చినా సీసం సీసంగానే ఉంటుంది. రక్తంలో దాని అర్ధాయుష్షు, అంటే ఉన్నది సగానికి తగ్గే కాలం, నెల రోజులకు కాస్త అటూ ఇటూ, కాబట్టి నెలకోసారి తీసే నమూనాకు చక్కగా సరిపోతుంది. కొలవడానికి, లోహాల జాడ ఎంత తక్కువున్నా పట్టే ఐసీపీ-ఎంఎస్ యంత్రంలో 200 మైక్రోలీటర్లు చాలు. ఒక నెలసరిలో పోయే రక్తం సగటున 30 నుంచి 40 మిల్లీలీటర్లు ఉంటుంది కాబట్టి నమూనా చాలదన్న బెంగ లేదు. సీసం మన ఇళ్లలోకి రావడానికి ఫ్యాక్టరీయే ఉండనక్కర్లేదు. పాత బ్యాటరీలు కరిగించే షెడ్లు, పాతబస్తీలో కళ్లకు పెట్టే సుర్మా, రంగు కలిపిన పసుపు, సీసపు ఆక్సైడ్ కలిసిన సిందూరం, పాత పెయింట్లు ఇవన్నీ దారులే. సీసానికి దారులు ఇన్ని ఉన్నాయి కాబట్టి ఎక్కువ వచ్చిన మనిషి ఇంట్లో కారణం వెతకవచ్చు, ఆపవచ్చు. ఆపగలిగేది కొలవడంలో ఒక సార్థకత ఉంటుంది.

ఇక పలుచన సంగతి. ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. ఒకామె నరం రక్తంలో డెసీలీటరుకు 6 మైక్రోగ్రాముల సీసం, హిమోగ్లోబిన్ 12 గ్రాములు అనుకుందాం. ఆమె నెలసరి నమూనాలో హిమోగ్లోబిన్ 5 గ్రాములే ఉంటే యంత్రం సీసాన్ని 2.5 అని చూపిస్తుంది. ఆ 2.5ను అలాగే రాసేస్తే ఆమె క్షేమం అని తీర్పు ఇచ్చినట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 5 గానీ అంతకు మించి గానీ ఉంటే కారణం వెతికి ఆపాలి. అందుకని ఏ నమూనాలోనైనా సీసాన్ని హిమోగ్లోబిన్‌తో భాగించి చూడాలి. రెండుచోట్లా గ్రాముకు 0.5 మైక్రోగ్రామే వస్తుంది. నమూనా ఎండిపోయి హిమోగ్లోబిన్ పాడైతే ఏంటని అడుగుతారేమో. ఐసీపీ-ఎంఎస్‌లో సీసంతో పాటు ఇనుమునూ కొలవండి. ఒక గ్రాము హిమోగ్లోబిన్‌లో సుమారు 3.4 మిల్లీగ్రాముల ఇనుముంటుంది, నమూనా ఎండినా ఇనుము ఎటూ పోదు. కొలత అంతా ఒకే రన్‌లో అయిపోతుంది.

కానీ మన దగ్గర దీనికి ఇంకో ముడి ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా, అంటే 57 శాతానికి పైనే రక్తహీనత తేలింది. హిమోగ్లోబిన్ 8 ఉన్న ఒకామెలోనూ అదే 6 మైక్రోగ్రాముల సీసం ఉంటే, భాగించినప్పుడు 0.75 వస్తుంది. ఒంట్లో సీసం అంతే ఉన్నా అంకె పెరిగింది. పైగా ఇనుము తక్కువైన పేగు సీసాన్ని, కాడ్మియం అనే మరో విషలోహాన్ని మరింత పీల్చుకుంటుంది. అంటే నిజంగా పెరగడం, లెక్కలో పెరగడం రెండూ కలిసిపోతాయి. వీటిని విడదీయాలంటే నమూనా తీసుకున్న వారంలోనే వేలికొస గుచ్చి ఆమె అసలు హిమోగ్లోబిన్ చూడక తప్పదు. సూదే వద్దనుకున్నాం కదా అంటారు. నరం వెతికి సిరంజి పెట్టడానికీ, ఆశా కార్యకర్త వేలికొస మీద ఒక్క చుక్క తీయడానికీ వాళ్లకు చాలా తేడా ఉంది. గర్భిణులకు హిమోగ్లోబిన్ చూసే ఆ పరీక్ష బస్తీల్లో అందరికీ తెలుసు.

కలుషితం గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే నా అనుభవంలో అధ్యయనాలు కూలేది ఇక్కడే. చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒక ల్యాబ్‌లో వరసగా నలభై నమూనాల్లో జింకు అసాధారణంగా ఎక్కువ వచ్చింది. అందరం ఆ ఊరి నీళ్లను అనుమానించాం. రెండు నెలల తర్వాత తెలిసింది, ఆ జింకు నమూనా బాటిళ్ల రబ్బరు మూతల్లోంచి వచ్చిందని. ఆ నలభై మందికీ మేం మళ్లీ మొహం చూపించి నమూనా అడగాల్సి వచ్చింది. ఆ సిగ్గు నాకింకా గుర్తుంది. నెలసరి రక్తం విషయంలో మూత ఒక్కటే కాదు, దాన్ని పట్టే వస్తువే పెద్ద అనుమానితురాలు. ఢిల్లీలోని టాక్సిక్స్ లింక్ సంస్థ 2022లో మన మార్కెట్‌లో దొరికే పది రకాల శానిటరీ ప్యాడ్లను పరీక్షిస్తే అన్నింటిలోనూ థాలేట్లు దొరికాయి. 2024లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో 30 టాంపాన్లను పరీక్షిస్తే ప్రతిదానిలోనూ సీసం కనిపించింది. అక్కడి నుంచి సీసం ఒంట్లోకి వెళుతుందా లేదా అన్నది వేరే చర్చ. మీకు కావాల్సింది ఒకటే, ప్యాడ్ మీది మరకను కత్తిరించి కరిగిస్తే వచ్చే సీసంలో ప్యాడ్‌ది ఎంత, మనిషిది ఎంత అన్నది మీరు విడదీయలేరు. ప్యాడ్ లోపలి జెల్ రక్తాన్ని పట్టుకుంటే వదలదు కూడా.

అందుకని నెలసరి రక్తాన్ని ఒంటి లోపలే పట్టే సిలికాన్ కప్పు వాడండి. ఒకే కంపెనీ, ఒకే బ్యాచ్ కొనండి. లోహాలకైతే 10 శాతం నైట్రిక్ ఆమ్లంలో రాత్రంతా నానబెట్టిన గొట్టాలు వాడండి. సిలికాన్‌కు ఆమ్లం పడదు, దాన్ని శుద్ధ జలంతో పదే పదే కడగండి. ప్రతి బ్యాచ్‌లో కొన్ని కప్పుల్లో శుద్ధ జలం పోసి 37 డిగ్రీల దగ్గర ఎనిమిది గంటలుంచి ఆ నీళ్లనే నమూనాలా కొలవండి. కప్పు ఏం వదులుతుందో అప్పుడు తెలుస్తుంది. ముందూ వెనకా కప్పును కడిగే నీళ్లు కూడా మీరే ఇవ్వండి, బోరు నీళ్లతో కడిగితే బోరునే కొలిచినట్టవుతుంది. చేతులు సబ్బుతో కడగమని చెప్పండి, పసుపు, కుంకుమ, టాల్కం పౌడర్ అంటిన వేళ్లు తగలకూడదు. కాపర్-టీ వేయించుకున్నవాళ్లలో రాగిని కొలవకండి, ఆ రాగి ఎక్కడిదో అందరికీ తెలుసు. తర్వాత పీఫాస్ చేస్తే టెఫ్లాన్ తగలని పాలీప్రొపిలీన్ గొట్టాలు కావాలి.

కప్పుకు అందరూ ఒప్పుకోరు. పెళ్లికాని అమ్మాయిల ఇళ్లలో ఆ మాటే ఎత్తలేరు, ఎత్తకూడదు కూడా. కాబట్టి మీ అధ్యయనంలో పెళ్లయినవాళ్లే ఎక్కువ ఉంటారు, ఆ సంగతి దాచకుండా రాయండి. ఇంకో ఖాళీ ఉంటుంది. గర్భసంచి తీయించుకున్నవాళ్లు మీ లెక్కలోకే రారు. ఇందాక చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశంలో 3 శాతం పైచిలుకు అయితే, తెలంగాణలో దాదాపు 8, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం. కూలిపని చేసే పేద ఇళ్లలోనే ఇది ఎక్కువ. రసాయనాల మధ్య ఎక్కువ కాలం పనిచేసినవాళ్లే మీ నమూనాల్లోంచి జారిపోయే ప్రమాదముంది.

మనుషుల సంగతికి వస్తే, మీరు సిగ్గు గురించి అడిగారు కానీ నాకు ఎదురైన పెద్ద అడ్డంకి సిగ్గు కాదు. పాత మెదక్ జిల్లా ఊళ్లలో ముట్టు రక్తం పరాయివాళ్ల చేతికి పోతే బాణామతి, చేతబడి చేస్తారన్న భయం ఇప్పటికీ ఉంది. బట్టను కూడా ఎవరి కంటా పడకుండా కాల్చేస్తారు, పాతేస్తారు. ఆ భయాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేసిన రోజే మీరు ఆ కాలనీకి దూరమైపోతారు. "ఎక్కడ పెడతారమ్మా, ఎవరు ముట్టుకుంటారు, మిగిలింది ఏం చేస్తారు?" అని అడిగితే సూటిగా జవాబు చెప్పగలగాలి. మేం ఒక పెద్దమ్మను ల్యాబ్‌కు తీసుకొచ్చి యంత్రం, ఫ్రీజర్, మిగిలినది కాల్చేసే సంచి అన్నీ చూపించాం. ఆమె వెనక్కి వెళ్లి చెప్పిన ఒక్క మాటతో పన్నెండు మంది ముందుకొచ్చారు. ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టమని ఎవరినీ అడగొద్దు. దేవుడి గది, వంటిల్లు ఉన్న రెండు గదుల ఇంట్లో అది జరిగే పని కాదు. ఉదయం ఆశా అక్క ఐస్ డబ్బాతో వచ్చి తీసుకెళ్లేలా ఏర్పాటు చేయండి.

సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, ఉర్దూలో కూడా ఉండాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చదివి ఎథిక్స్ కమిటీకి వెళ్లండి. ఒక వాక్యం మాత్రం తప్పక చేర్చండి. 2007లోనే నెలసరి రక్తంలో మూలకణాలు ఉంటాయని శాస్త్రవేత్తలు చూపించారు. కాబట్టి ఆమె ఇచ్చిన దాంట్లో ఆమె డీఎన్‌ఏ, పెరగగల కణాలు ఉన్నాయి. వాటిని పెంచబోమని, దాచబోమని, ఎవరికీ ఇవ్వబోమని రాయండి. ఇక ల్యాబ్‌లో దీన్ని మామూలు రక్తంలాగే జాగ్రత్తగా చూడాలి, హెపటైటిస్-బి టీకా లేకుండా ఎవరినీ గొట్టం ముట్టుకోనివ్వకండి.

మొదటి ఏడాదికి నేనైతే ఇంతే చేస్తాను. మీ యూనివర్సిటీలో, హాస్టళ్లలో, తెలిసినవాళ్లలో ఇప్పటికే కప్పు వాడే ముప్పై, నలభై మందిని పిలవండి. వాళ్లకు సూదంటే అభ్యంతరం ఉండకపోవచ్చు. ఒక్కొక్కరి నుంచి నెలసరి రెండో రోజు నమూనా, అదే రోజు నరం రక్తం తీసుకోండి. వరసగా మూడు నెలలు తీసుకోండి. రెండు అంకెల మధ్య కోరిలేషన్, అంటే రెండూ కలిసి పెరిగే తగ్గే తీరు, 0.9 వచ్చిందని సంబరపడిపోవద్దు. ఒకటి ఎప్పుడూ రెండోదానిలో సగమే చూపిస్తున్నా కోరిలేషన్ బాగానే వస్తుంది. రెండు కొలతల మధ్య తేడాను చూపించే బ్లాండ్-ఆల్ట్‌మన్ గ్రాఫ్ వేసి తేడా ఎంత, ఎటువైపు అన్నది చూడండి. మూడు నెలల్లో ఒకే మనిషి అంకె ఎంత ఊగుతోందో చూడండి. అవి నిలకడగా ఉంటేనే పటాన్‌చెరు బస్సు ఎక్కండి.

అక్కడికి ఎందుకు వెళ్లాలో నాకు చెప్పనక్కర్లేదు. ఆ ప్రాంతపు కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు అక్కడి నేలల్లో భారలోహాల గురించి 2001లో ప్రచురించారు. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని చూపించారు. నేలను కొలిచారు, వాగును కొలిచారు, బోరును కొలిచారు. ఆ నీళ్లు మోసిన ఆడవాళ్ల ఒంటిని అంత ఓపికగా కొలవాలని మీకు అనిపించినందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది.

నెలసరి రక్తానికే చెందిన బలం ఒకటుంది, దాన్ని మీ ప్రతిపాదనలో మరుగున పడేయకండి. 1993లో రీసస్ కోతులకు డయాక్సిన్ అనే విషరసాయనం తినిపించిన అధ్యయనంలో, మోతాదు పెరిగేకొద్దీ ఎండోమెట్రియోసిస్ (గర్భాశయపు పొర లాంటి కణజాలం బయట పెరిగే జబ్బు) ఎక్కువగా, తీవ్రంగా కనిపించింది. గర్భాశయం లోపలి పొరలో ఏ రసాయనం ఎంత చేరిందో చూడాలంటే మామూలుగా బయాప్సీ చేయాలి, అంటే లోపలి నుంచి చిన్న ముక్క తీయాలి, అది నొప్పి. నెలసరిలో ఆ పొరే బయటికి వస్తోంది. నరం రక్తం ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. కాడ్మియం ఆ కణజాలంలోనూ చేరుతుంది కాబట్టి నమూనాను సెంట్రిఫ్యూజ్ యంత్రంలో గిర్రున తిప్పి కణజాలాన్ని వేరు చేసి, దాన్ని విడిగా కొలిచే పద్ధతి రెండో ఏడాదిలో మొదలుపెట్టవచ్చు. అమెరికాలో ఫైన్‌స్టైన్ సంస్థ ఎండోమెట్రియోసిస్ కోసం నెలసరి స్రావాన్ని ఏళ్లుగా సేకరిస్తోంది. వాళ్ల సేకరణ పద్ధతులు చదివితే మీకు చాలా టెన్షన్ తగ్గుతుంది. యంత్రాల కోసం దూరం వెళ్లక్కర్లేదు. ఎన్‌ఐఎన్, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ లాంటి పరిశోధన సంస్థలన్నీ తార్నాక, ఉప్పల్ రోడ్డు చుట్టుపక్కలే ఉన్నాయి. గైడ్ గారి ఉత్తరం తీసుకుని స్వయంగా వెళ్లి మాట్లాడండి.

ఫలితాల సంగతి మొదటి రోజే నిర్ణయించుకోండి. ప్రతి ఒక్కరికీ ఆమె అంకెను ఆమెకే, ఒంటరిగా, నోటితో చెప్పండి. ఇంటి గుమ్మంలో అత్తగారి ముందు కాగితం ఇవ్వకండి. నెలసరి నమూనాలో సీసం ఎక్కువ వచ్చినామెకు దాన్నే తుది మాటగా చెప్పొద్దు. నరం రక్తంతో ఒకసారి సరిచూడాలి, ఆ ఖర్చు మీ బడ్జెట్‌లో ముందే ఉండాలి. అప్పటికి ఆమె మిమ్మల్ని నమ్మి ఉంటుంది, సూదికీ ఒప్పుకుంటుంది. ఆమె ఇంటికి వెళ్లి పసుపు డబ్బా, సుర్మా, భర్త పనిబట్టలు, గోడ పెయింట్ చూడండి. ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలుంటే వాళ్ల రక్తం కూడా అదే వారం పరీక్షించండి, ఎందుకంటే సీసం అందరికంటే ఎక్కువ చెరిపేది వాళ్లనే.